చక్రాలు నేలకు తాకగానే లేచే మనిషి

నమస్తే అండీ. విమానం ఇంకా ఆగకముందే లేచి, పైనున్న బ్యాగులు లాగేవాళ్ల మీద జోకులు మీరూ చూసే ఉంటారు. దుబాయ్, మస్కట్ నుంచి శంషాబాద్‌కు వచ్చే ఫ్లైట్ల మీదైతే మరీనూ. "ఇదేమన్నా ఆర్టీసీ బస్సా?" అంటారు. లేవకూడదు, నిజమే. కానీ ఆ లేచిందెవరు?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు మనిషి కావచ్చు. కువైట్‌లో ఇంటిపని చేసే కడప జిల్లా ఆవిడ కావచ్చు. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది, అంటే 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్'. గల్ఫ్‌లో పనికి పోవాలంటే వాళ్లకు ప్రభుత్వ అనుమతి కావాలి. లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటు లెక్క వేరే ఉంటుంది లెండి. ఆ డబ్బు వడ్డీకి తెస్తారు. 'దుబాయ్ పోయిండు, ఇంకేం తక్కువ' అని ఊరు అనుకుంటున్నప్పుడు, అతను అక్కడ అప్పు కడుతుంటాడు.

అక్కడి ఎయిర్‌పోర్టులో చెకిన్ దగ్గర ఓసారి చూడండి. నైలాన్ తాడుతో బిగించిన అట్టపెట్టె. పేరు, ఊరు, మండలం, ఫోన్ నంబరు, నాలుగు వైపులా మార్కర్‌తో. బరువు రెండు కిలోలు ఎక్కువైందంటే తాడు విప్పి అక్కడే నేల మీద కూర్చుంటాడు. కంబళి, సెంటు సీసాలు, టైగర్ బామ్, బాదం, పిల్లాడి బూట్లు. ఏది తీయాలి? బామ్ అక్కకి, సెంటు బావకి. చివరికి తన ప్యాంట్లు తీసి, వేసుకున్న ప్యాంటు మీదే ఇంకోటి తొడుక్కుంటాడు. వెనక లైన్లో మనం విసుక్కుంటూ ఉంటాం.

ఛుట్టీ మీద వస్తున్నాడా, కంపెనీ మూతపడి వస్తున్నాడా, నాన్న పోయాడని ఫోనొస్తే కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన అక్కడి యజమానిని, బతిమాలుకుని వస్తున్నాడా, మొహం చూసి చెప్పలేం. ఎందుకంటే ముగ్గురూ అదే పెట్టె తెస్తారు. ఉత్తచేతుల్తో ఊళ్లో దిగడం ఎవరి వల్లా కాదు.

తిరిగి రానివాళ్లూ ఉన్నారు. అక్కడ చనిపోయినవాళ్ల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది, 2023 డిసెంబర్ 7 నుంచి జరిగిన మరణాలకు. ఈసీఆర్ మీద వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. గడువు అయిపోతే మళ్లీ కట్టుకోవాలి. చాలా ఇళ్లలో ఆ కాగితం ఎక్కడుందో భార్యకు కూడా తెలీదు.

ఈసారి మీ పక్క సీట్లో అలాంటి అన్న కూర్చుంటే, మాటల్లో మాటగా అడగండి. "పాలసీ గడువు ఉందా అన్నా? దాని ఫోటో వదినకు వాట్సాప్ చేశావా?"