తూటాలో పీచా, ప్లాస్టిక్కా?

(కర్నూలు స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు నలుగురు: తుపాకులు బాగుచేసే మేస్త్రి, క్లే టార్గెట్ షూటింగ్ (గాల్లోకి విసిరిన పళ్లేలను తుపాకీతో పగలగొట్టే ఆట) ఆడే యువకుడు, అనంతపురం జిల్లా రైతు, పశువైద్యురాలు.)

నిర్వాహకుడు: 12 బోర్ తుపాకీ పేల్చిన చోట నేల మీద బొటనవేలంత ప్లాస్టిక్ కప్పులు పడి ఉంటాయి. రైతు గారు జేబులో వేసుకుని వచ్చారు, చూడండి. దీన్నే వాడ్ అంటారు. ఇది ప్లాస్టిక్‌దే ఉండాలా, పీచుది చాలా అన్నదే ఈరోజు చర్చ. మేస్త్రి గారూ, తూటాలో దీని పనేమిటో మీరే చెప్పండి.

మేస్త్రి: నాటు తుపాకీ చూసినవాళ్లకు కొత్త కాదు. మందు మీద కొబ్బరి పీచు పెట్టి కడ్డీతో దట్టించేవాళ్లు. ఆ పీచే వాడ్. మందు కాలి గ్యాస్ అయినప్పుడు అది తూటాలోని చిన్న చిన్న సీసపు గుళ్ల సందుల్లోంచి దూరిపోకూడదు. మొత్తం గ్యాస్ గుళ్లను వెనక నుంచి నెట్టాలి. అందుకే మధ్యలో బిరడాలాంటిది ఒకటి ఉండాలి. ఫ్యాక్టరీ తూటాల్లో మొదట్లో ఫెల్టు, అట్ట, కార్క్ వాడేవారు, ఆ తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. ఈ ప్లాస్టిక్‌ది బిరడా పని ఒక్కటే కాదు, గుళ్లకు గిన్నె కూడా ఇదే. సీసం మెత్తన కదా సార్. గిన్నె లేకపోతే అంచున ఉన్న గుళ్లు గొట్టానికి రాసుకుని ఒక పక్క చదునైపోతాయి. చదునైన గుండు తిన్నగా పోదు.

షూటర్: మేం ప్లాస్టిక్ అనేది అందుకే సార్. ట్రాప్‌లో, అంటే పళ్లెం మా నుంచి దూరంగా ఎగిరిపోయే పోటీలో, తూటాకు 24 గ్రాముల గుళ్లే. పళ్లెం 30, 35 మీటర్ల దూరంలో ఉండగా పగలాలి. అక్కడికి గుళ్ల గుంపు పలచబడిపోతే మధ్యలో ఖాళీలు వస్తాయి. పళ్లెం ఆ ఖాళీలోంచి పోయిందంటే గురి సరిగ్గా ఉన్నా పాయింటు పోయినట్టే. మ్యాచ్ రోజు ఆ టెన్షన్ వేరే.

రైతు: నీ పాయింటు నాకు అర్థమవుతుంది నాయనా. నా మాట కూడా విను. మా చేని పక్కనే ఒక షూటింగ్ మైదానం ఉంది. బుడ్డలు, అదే వేరుశనగ, పీకినాక చేనులో గొర్రెల మంద పెట్టిస్తాం, ఎరువు కోసం. గొర్రె తల దించిందంటే ఎత్తదు, కనపడిందంతా మేస్తుంది. పోయిన సంక్రాంతి ముందు గట్టు వెంబడి ఏరితే చిన్న సంచి నిండింది. అవి మా చేనులోకి ఎట్లా వస్తున్నాయో చెప్పు.

షూటర్: గొట్టం దాటగానే కప్పు రెక్కలు గాలికి విచ్చుకుంటాయి పెద్దాయనా. గుళ్లు ముందుకు పోతాయి, కప్పు వెనకబడి 20 నుంచి 40 గజాల లోపు పడిపోతుంది. గాలి ఉంటే పక్కకు కొట్టుకుపోతుంది.

నిర్వాహకుడు: ఒక రోజుకు ఎన్ని పడతాయి?

షూటర్: ఒలింపిక్ ట్రాప్ క్వాలిఫికేషన్‌లో 125 పళ్లేలు. ఒక్కోదానికి రెండు తూటాలు కాల్చవచ్చు. ఒక్కరే 250 కప్పుల దాకా పడేయొచ్చు. (కాసేపు ఆగి) లెక్క పెద్దదే. నేను దీన్ని ఎప్పుడూ ఇట్లా లెక్క వేసుకోలేదు.

నిర్వాహకుడు: డాక్టర్ గారూ, గొర్రె ఇది మింగితే?

పశువైద్యురాలు: ఉన్నదున్నట్టు చెప్తాను. పశువుల కడుపు కోసి కిలోల కొద్దీ కవర్లు తీశాను. తాళ్లు, మేకులు కూడా తీశాను. తుపాకీ వాడ్ మాత్రం నా చేతికి ఇంతవరకు రాలేదు. కాబట్టి ఇది ఇన్ని గొర్రెలను చంపింది అని నేను అనను. కానీ ప్లాస్టిక్ మొదటి పొట్టలో అరగదు, చాలాసార్లు ముందుకూ పోదు. చేరినవన్నీ అక్కడే ఉంటాయి. మేత తగ్గుతుంది, బక్కచిక్కుతుంది, కారణం తెలియదు. కరువు జిల్లాలో మేత తక్కువ, ఆకలి ఎక్కువ. అట్లాంటి చోట కొత్తగా ఇంకో ప్లాస్టిక్ పడేయడానికి నేను ఒప్పుకోను.

రైతు: అంతే అమ్మా, అదే నా బాధ.

నిర్వాహకుడు: పీచు వాడ్ అయితే?

మేస్త్రి: వాన తడికి ఉబ్బి, విడిపోయి మట్టిలో కలుస్తుంది. మన దగ్గర వానలు తక్కువ కాబట్టి కొంచెం ఎక్కువ కాలం పడుతుంది, అయినా పోతుంది. ప్లాస్టిక్ పోదు. ఎండకు పెళుసెక్కి ముక్కలవుతుంది, ఆ ముక్కలు ఏరడం ఇంకా కష్టం.

షూటర్: మరి గిన్నె లేకపోతే గొట్టం సంగతి?

మేస్త్రి: సీసం కొద్దిగా అంటుకుంటుంది, నిజమే. కంచు బ్రష్ పెట్టి ఇంకో నాలుగుసార్లు లాగాలి. ప్లాస్టిక్ కూడా గొట్టంలో పూతలాగా మిగులుతుంది, అదేం శుభ్రమైంది కాదు. పీచు తూటాను తడి తగలకుండా దాచుకోవాలి. మన సీమలో తడి కంటే ఎండే సమస్య. మే నెలలో కారు డిక్కీలో తూటాల పెట్టె పెట్టి మరిచిపోవద్దు, పీచైనా ప్లాస్టిక్కైనా. వేడెక్కిన మందు ఒత్తిడి పెంచుతుంది. ఇంకోటి, తాతల నాటి తుపాకీలో తూటా కూర్చునే గది రెండున్నర అంగుళాలది (సుమారు 65 మిల్లీమీటర్లు) ఉంటే 70 మిల్లీమీటర్ల తూటా వేయకూడదు. లోపలికి పోయిందని పేల్చేవాళ్లున్నారు సార్, నాకు భయమేస్తుంది.

రైతు: పీచు పొగలు కక్కుతూ పడితే? మా బుడ్డకట్టె వామి ఉంటుంది అక్కడే.

మేస్త్రి: నల్ల మందుతో పేల్చే నాటు తుపాకీకి ఆ ప్రమాదం ఉంది. కొబ్బరి పీచు నిప్పు పట్టుకుని ఎండుగడ్డిలో పడేది. ఇప్పటి పొగలేని మందు తూటాల్లో ఆ భయం చాలా తక్కువ.

నిర్వాహకుడు: అయితే తేడా అంతా గుంపు దగ్గరే. అది ఎంతో కొలిచేదెట్లా?

మేస్త్రి: పెద్ద కాగితం కట్టి 40 గజాల నుంచి కాల్చాలి. గుళ్లు ఎక్కువ పడిన చోట 30 అంగుళాల గుండ్రం గీసి లోపలివి లెక్కపెట్టాలి. గొట్టం మూతి దగ్గరి ఇరుకును చోక్ అంటారు. బాగా ఇరుకైన ఫుల్ చోక్ అయితే తూటాలో ఉన్న గుళ్లలో నూటికి 70 లోపల పడాలి, హాఫ్ చోక్ అయితే 60. రెండు రకాలూ నీ తుపాకీలోనే కాల్చి చూడు బాబూ. ఒక్కసారితో తేలదు, రకానికి ఐదారు కాగితాలు కావాలి. ఎవరో చెప్పారని నమ్మొద్దు. కొన్ని తుపాకులకు పీచే బాగా పడుతుంది, నా చేతుల మీద చూశాను.

షూటర్: స్కీట్ అని ఇంకో పోటీ ఉంది, పళ్లేలు మా ముందు అడ్డంగా ఎగురుతాయి. అందులో పళ్లెం దగ్గరే పగులుతుంది. అక్కడ గుంపు విచ్చుకుంటేనే మాకు మేలు, పీచు చాలు. ట్రాప్ ప్రాక్టీస్‌కు కూడా మారతాను. చోక్ ఒక మెట్టు బిగిస్తే సరిపోతుందేమో చూడాలి. మ్యాచ్‌కు మాత్రం ప్లాస్టిక్ వదలలేను పెద్దాయనా, దాచడం ఎందుకు.

రైతు: మ్యాచ్ రోజు మీరే ఏరించండి. సాయంత్రం కాకముందే.

షూటర్: ఏరిస్తాం.

పశువైద్యురాలు: మనం వాడ్ దగ్గరే ఆగిపోయాం. గుళ్ల సంగతి? పీచు వేసినా సీసం నేలలోనే ఉంటుంది. గింజలు తినే పక్షులు అరుగుదలకు చిన్న రాళ్లు మింగుతాయి. సీసపు గుండును కూడా రాయనుకునే మింగుతాయి. కౌజులు, పావురాలు తిరిగే నేల ఇది. పక్షుల అభయారణ్యమైన రోళ్లపాడు గడ్డి మైదానాలు ఉన్న జిల్లాల్లో మనం మాట్లాడుకుంటున్నాం. యూరోపియన్ యూనియన్‌లో చిత్తడి నేలల దగ్గర సీసపు గుళ్లు 2023 ఫిబ్రవరి నుంచి నిషేధం.

మేస్త్రి: సీసం మానితే ఉక్కు గుళ్లు అమ్మా. ఉక్కుకు పీచు వాడ్ పనికిరాదు. గట్టి లోహం, గొట్టాన్ని గీరేస్తుంది. దానికి మందమైన కప్పు తప్పదు. పాత తుపాకుల్లో ఉక్కు అసలే వద్దు.

నిర్వాహకుడు: అంటే తిరిగి ప్లాస్టిక్ దగ్గరికే వచ్చాం.

షూటర్: నీళ్లలో కరిగే కప్పులు వేరే దేశాల్లో వచ్చాయి సార్. ఇక్కడి దుకాణంలో నాకు ఇంకా దొరకలేదు. అవి వచ్చేదాకా ప్రాక్టీస్‌కు సీసం, పీచే. గుళ్లు పడే మేర కంచె వేసి మేపు ఆపమని మా మైదానం వాళ్లతో మాట్లాడతాను. పైమట్టి జల్లించి సీసం తీయవచ్చు, ఆ సీసానికి ధర కూడా వస్తుంది.

రైతు: కంచె వేసే ముందు మా ఊర్లో ఒక మాట చెప్పు నాయనా. మందలు చెరువుకు పోయే దారి ఆ పక్కనే ఉంది.