సీలింగ్ హ్యాంగర్ రివ్యూ: గిలకలు బంగారం, స్క్రూలు మాత్రం డబ్బాలోనే వదిలేయండి | వైజాగ్ బాల్కనీ

నమస్కారం అండీ, అందరూ బాగున్నారా? వెనకాల హోరు వినిపిస్తోంది కదా, అది మైకు లోపం కాదు, సముద్రం గాలి. మాది లాసన్స్ బే కాలనీ, బాల్కనీ తూర్పు ముఖం. మధ్యాహ్నం దాటిందంటే ఇంతే. ఇవాళ ఈ గాలి గురించి కూడా చాలా మాట్లాడుకోవాలి, అందుకే ఇక్కడే నిలబడి షూట్ చేస్తున్నాను.

ముందు చెప్పాల్సింది చెప్పేస్తాను. ఈ బట్టలారేసే సీలింగ్ హ్యాంగర్, పేరు మీకు స్క్రీన్ మీద కనిపిస్తోంది, కంపెనీ వాళ్ళే ఉచితంగా పంపించారు. డబ్బులేం ఇవ్వలేదు. వీడియో పెట్టేముందు ఒకసారి మాకు చూపిస్తారా అని అడిగారు. కుదరదండీ అన్నాను, సరేనన్నారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. నచ్చనిది కూడా అంతే సూటిగా చెబుతాను.

ఎన్ని అడుగుల పొడవు, ఎన్ని కిలోలు మోస్తుంది, ఏ సైజు ఎంత, ఇవన్నీ కొనే పేజీలోనే ఉన్నాయి, మీరు ఈపాటికి చూసే ఉంటారు. నేను చదివి వినిపించను. నేరుగా గిలకల దగ్గరికి వెళ్ళిపోదాం.

ఇదిగో చూడండి. ఆరు గొట్టాలు, దేని తాడు దానికే, దేని గిలక దానికే. మూడో గొట్టం కావాలంటే మూడో తాడు వదిలితే చాలు, అదొక్కటే దిగుతుంది, మిగతా అయిదూ బట్టలతో సహా పైనే ఉంటాయి. దీనికంటే ముందు మా ఇంట్లో ఉన్నది ఒకే ఫ్రేమ్ రకం. మొత్తం దిగాలి, మొత్తం ఎక్కాలి. తడిసిన దుప్పట్లు నాలుగు వేశాక దాన్ని పైకి లాగాలంటే ఇంట్లో మగపిల్లలు ఎవరైనా వచ్చేదాకా ఆగాల్సిందే. అదీ ఒక పక్క ముందు లేచి, ఇంకో పక్క వెనకబడి, బట్టలన్నీ ఒక మూలకి జారిపోయేవి. ఇందులో ఒక్కో గొట్టం బరువు దానిదే కాబట్టి ఒంటిచేత్తో లాగేయొచ్చు.

దీని వల్ల నేను అస్సలు అనుకోని మేలు ఒకటి జరిగింది. మా అత్తయ్యగారికి భుజం పట్టేసి కుడిచెయ్యి పైకి లేవదు. దండెం మీద బట్ట వెయ్యడం ఆవిడ మానేసి చాలాకాలమైంది. తన చీర ఇంకొకరు ఆరేస్తుంటే ఆవిడ మొహంలో ఇబ్బంది కనిపించేది, నాకు తెలుసు. ఇప్పుడు ముందు గొట్టాన్ని నడుము ఎత్తు దాకా దించుకుంటారు, కూర్చుని కూడా వేసుకోవచ్చు. అంచు సవరించి, మడతలు దులిపి, క్లిప్పులు పెట్టి, ఎడమచేత్తో తాడు లాగి కొక్కేనికి తగిలిస్తారు. "ఆ ముందుది నాది, నువ్వు వాడకు" అని నాకు చెప్పేశారు కూడా. పెద్దవాళ్ళున్న ఇంటికి ఈ ఒక్క కారణం మీద నేను దీన్ని రికమెండ్ చేస్తాను. మిగతా ఫీచర్లన్నీ దీని తర్వాతే.

సరే, ఇప్పుడు నాకు కోపం తెప్పించిన విషయం. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. నా అరచేతిలో ఉన్నవి డబ్బాలో గొట్టాలతో పాటు వచ్చిన స్క్రూలు. పసుపుపచ్చగా మెరుస్తున్నాయి కదా, అది జింకు పూత. లోపలంతా మామూలు ఇనుమే. ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చాను. గొట్టానికి పెడితే జారిపోతోంది. స్క్రూకి పెడితే, విన్నారా, టక్కున అతుక్కుంది. డబ్బా మీద పెద్దక్షరాలతో ‘స్టెయిన్‌లెస్ స్టీల్ 304’ అని రాశారు, 304 అంటే స్టీలు రకం నంబరు. గొట్టాలకి అది నిజమే కావొచ్చు. కానీ మొత్తం బరువు మోసేది ఈ స్క్రూలే కదండీ!

బిగించడానికి వచ్చిన అబ్బాయి కూడా వీటిని చూడగానే పక్కన పెట్టేశాడు. "అమ్మా, ఇవి మధురవాడ లోపలైతే కొన్నాళ్ళు ఆగుతాయేమో గానీ ఇక్కడ ఆగవు, వేరేవి తెప్పించండి" అన్నాడు. అయినా మీకు చూపించడానికని ఒకే ఒక స్క్రూ ఆ చివర ఖాళీ గోడకి బిగించమన్నాను. దాని మీద బరువేం లేదు. ఒక్క వానాకాలం గడిచింది, ఇప్పుడు చూడండి. పూత ముందుగా పోయింది తల మీద ప్లస్ గాటు దగ్గర, స్క్రూడ్రైవర్ ఒరుసుకున్న చోట. అక్కడ గోధుమరంగు పొడి. దాని కింద తెల్లగోడ మీద సన్నటి ఎర్రచార, వేలెడు పొడవు. ఆ చార తడిగుడ్డతో తుడిస్తే పోదు, పెయింటు వెయ్యాల్సిందే.

వాన పడే చోట ఉన్న సామాను కంటే వాన తగలని చోట ఉన్నది ఇక్కడ ముందు తుప్పు పడుతుంది. చాలామంది దీనికి రివర్స్‌లో అనుకుంటారు. గాలిలో వచ్చే ఉప్పు అన్నిటి మీదా పేరుకుంటుంది. గ్రిల్లు మీద పేరుకున్నది వానకి కడుక్కుపోతుంది. బాల్కనీ స్లాబు కింద, సీలింగ్‌కి ఆనుకుని ఉన్నదాన్ని ఎవరు కడుగుతారు? ఆ ఉప్పు రాత్రిపూట గాలిలో తేమని పీల్చుకుని తడిగా ఉంటుంది, లోహాన్ని తింటూ ఉంటుంది. సీలింగ్ హ్యాంగర్ అంటే సరిగ్గా ఆ చోట ఉండే వస్తువు. అలాంటిదానికి ఇనుప స్క్రూలు ఇవ్వడం నాకు ఏమాత్రం నచ్చలేదు. పది పన్నెండు స్క్రూల దగ్గర ఆదా చేసుకునేదెంత?

అయస్కాంతం పరీక్ష గురించి ఒక జాగ్రత్త. అతుక్కోకపోతే 304 అని నమ్మేయకండి. 202 అని చౌక రకం స్టీలు ఉంది, నికెల్ తగ్గించి మాంగనీస్ ఎక్కువ వేస్తారు, దానికీ అయస్కాంతం సరిగా అంటుకోదు. ఉప్పుగాలికి మాత్రం అది త్వరగా మచ్చలు పడుతుంది. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఇంకా పై రకం 316, అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలుపుతారు. ఉప్పుని బాగా తట్టుకునేది అదే. సముద్రానికి ఎదురుగా, బీచ్‌రోడ్డు మీద ఫ్లాట్ ఉన్నవాళ్ళు స్క్రూలైనా 316 అడగండి. మా వైపు రెండు వీధులు లోపలికి ఉన్నాం కాబట్టి 304తో నెట్టుకొస్తున్నాం. పూర్ణా మార్కెట్ వైపు హార్డ్‌వేర్ షాపుల్లో ఎస్సెస్, అంటే స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు విడిగా ఇస్తారు. బిల్లు మీద 304 అని రాయించుకోండి, రాయనంటే పక్క షాపుకి వెళ్ళండి.

స్టీలు మంచిదే అయినా కడగాలి. నెలకోసారి ఉత్త నీళ్ళలో ముంచిన గుడ్డతో గొట్టాలు, గిలకల బ్రాకెట్లు, స్క్రూ తలలు తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. అంతే, వేరే లిక్విడ్ ఏదీ అక్కర్లేదు. గోధుమరంగు మచ్చ కనిపించింది కదా అని గిన్నెలు తోమే ఇనుప పీచు మాత్రం పట్టుకోకండి. ఆ పీచు ముక్కలు స్టీలులో ఇరుక్కుని అవే తుప్పుపడతాయి. ఇంకోటి, బాత్రూమ్ యాసిడ్. టైల్స్ కడగడానికి అది వాడి, మూత వదులుగా పెట్టి బాల్కనీ మూల ఉంచుతారు చూడండి, ఆ ఆవిరే 304ని కూడా పాడుచేస్తుంది. కొత్త ఫ్లాట్లలో చేరకముందే స్టీలు రెయిలింగ్ మచ్చలు పడిందంటే, టైల్స్ వాళ్ళు చివర్లో యాసిడ్‌తో కడిగారేమో ఆరా తీయండి.

బిగింపు సంగతి. డబ్బాలో స్క్రూలతో పాటు ప్లాస్టిక్ ప్లగ్గులు కూడా ఇచ్చారు. గోడకి ఫోటో తగిలించడానికి అవి సరిపోతాయి. నెత్తి మీద వేలాడే తడిబట్టలకి కాదు, బరువు కిందికి లాగుతుంటే ప్లగ్గు కాస్త కాస్త జారి వచ్చేస్తుంది. మేం స్లాబుకి డ్రిల్లు వేయించి స్టీలు యాంకర్ ఫాస్ట్‌నర్లు, అంటే బిగించేకొద్దీ రంధ్రంలో విచ్చుకుని పట్టుకునే బోల్టులు పెట్టించాం. ఫాల్స్ సీలింగ్ ఉంటే దానికి బిగించనే వద్దు, పైన స్లాబు దాకా వెళ్ళాల్సిందే. డ్రిల్లు వేసే ముందు బాల్కనీ లైటు స్విచ్చు ఎటుందో చూసుకోండి, దాని వైరు పైపు స్లాబులోంచి వెళ్ళి ఉండొచ్చు. అద్దె ఇల్లయితే ఓనరుగారిని అడక్కుండా స్లాబు ముట్టుకోవద్దు.

ఇప్పుడు నాకిష్టమైన భాగం. ఇదివరకు ఇక్కడ మడత స్టాండు ఉండేది, బాల్కనీలో సగం దానికే పోయేది. దాని కాళ్ళ పెయింటు పెచ్చులూడి, తెల్ల యూనిఫామ్‌కి తుప్పు మరక అంటించింది. ఆ మరక మీద బ్లీచింగ్ వెయ్యకండి, ఇంకా గట్టిపడుతుంది. నిమ్మరసం, ఉప్పు కలిపి మరక మీద రాసి ఎండలో పెట్టి ఉతకండి, ఒకసారికి పోకపోతే మళ్ళీ చెయ్యండి. రంగు బట్టయితే ముందు లోపలి అంచు మీద వేసి చూసుకోండి.

స్టాండు పోయాక నేల ఖాళీ అయింది. గోడవారగా పొట్టి బెంచీ వేశాను, రెయిలింగ్ పొడవునా కుండీలు పెట్టాను. ఉప్పుగాలిని తట్టుకునేవే పెట్టాలి: కాగితం పువ్వు, గడ్డిగులాబీ, కలబంద. ఈ మూడూ నాకు ఇక్కడ ఎప్పుడూ ఎండిపోలేదు. గొట్టాల కింద మాత్రం కుండీ పెట్టకండి, సబ్బునీళ్ళు కారి మొక్క చస్తుంది. బెంచీ కూడా ఆఖరి గొట్టం దాటాకే వేశాను. ఏటికొప్పాక లక్క బొమ్మల తోరణం ఇక్కడ కడదామని మా అమ్మాయి అడిగింది, వద్దన్నాను. అంకుడు కర్ర మీద సహజ రంగులు అవి, ఎండకి వెలిసిపోతాయి. హాల్లో, ఎండ పడని గుమ్మానికి కట్టాం. ఎంత బావుందో వీడియో చివర్లో ఒక షాట్ పెడతాను. 2017లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చిన మన ఏటికొప్పాక పనితనం ఇంట్లో ఒక్కటైనా ఉండాలండీ.

పాతూరు వైపు, పోర్టు దగ్గర ఉన్నవాళ్ళకి బొగ్గు నల్లదుమ్ము బాధ వేరే. మా పెద్దమ్మ వాళ్ళింట్లో తెల్లబట్ట బయట ఆరేస్తే సాయంత్రానికి మసి. వాళ్ళు ఈ హ్యాంగర్‌ని బాల్కనీలో కాకుండా వెనక గదిలో, ఫ్యాను దగ్గర పెట్టించుకుంటే మేలు. వానాకాలంలో మనకీ అదే దారి. గొట్టం విడిచి గొట్టం వేసి, కింద టేబుల్ ఫ్యాను తిప్పండి. బట్టల మధ్య గాలి ఆడితే ముక్కవాసన రాదు.

తుఫాను హెచ్చరిక వస్తే బట్టలు, క్లిప్పులు, చొక్కాల హ్యాంగర్లు అన్నీ తీసేసి గొట్టాలు పూర్తిగా పైకి లాగి, తాళ్ళు కొక్కేనికి ముడేసి, గొట్టాలన్నీ కలిపి ఒక గుడ్డతో కట్టేయండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, కొత్తగా ఊరికొచ్చినవాళ్ళ కోసం చెబుతున్నాను.

ఇంక కొనాలా వద్దా అంటారా? కొనండి. తాళ్ళు గట్టివి, గిలకలు ఇప్పటిదాకా కిర్రుమనలేదు, గొట్టం మీద ఒక్క మచ్చ లేదు. మా అత్తయ్యగారి మొహం చూశాక దీనికి తక్కువ మార్కులు వెయ్యడం నా వల్ల కాదు. కానీ స్క్రూల ఖర్చు ధరలో కలుపుకునే కొనండి. కంపెనీవాళ్ళు ఈ వీడియో చూస్తారని నాకు తెలుసు. అయ్యా, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ఆర్డర్లకైనా డబ్బాలో 304 స్క్రూలు, స్టీలు ఫాస్ట్‌నర్లు పెట్టండి. వంద ఎక్కువ తీసుకోండి, మేం ఇస్తాం. పెట్టిన రోజున ఆ డబ్బా నా డబ్బులతో కొని, ఇక్కడే మీ ముందు విప్పుతాను.

మీ బాల్కనీ సముద్రానికి ఎంత దూరమో, మీ దగ్గర ఏది ఎంతకాలం ఆగిందో కింద రాయండి. భీమిలి, గాజువాక వైపు వాళ్ళు తప్పకుండా రాయాలి. ఉంటానండీ.