ఎపిసోడ్ 23: రెండు కిలోమీటర్ల కింద, బొగ్గులో

చెల్లెలు: అందరికీ నమస్కారం. కిందటి ఎపిసోడ్‌లో చెప్పినట్లుగా ఈ రోజు సముద్రపు అడుగున ఉన్న బొగ్గు పొరలలో సూక్ష్మజీవులు మీథేన్‌ను ఎలా తయారుచేస్తాయో మాట్లాడుకుందాం. బావి కథ చెప్పనని అన్నయ్య మాట ఇచ్చాడు.

అన్న: బావి కథ చెప్పను, అమ్మలూ. గోదావరి ప్రసక్తి తేనని మాత్రం నేను మాట ఇవ్వలేదు.

చెల్లెలు: ముందు జపాన్ సంగతి చూద్దాం. 2012లో చిక్యూ అనే నౌక షిమోకితా ద్వీపకల్పం దగ్గరి సముద్రంలో, 1,180 మీటర్ల నీటి కింద, అడుగు నుంచి మరో 2,466 మీటర్ల లోతుకు తవ్వింది. శాస్త్ర పరిశోధన కోసం సముద్రపు అడుగును అంతవరకు ఎవరూ అంత లోతుగా తవ్వలేదు. దాదాపు 2 కిలోమీటర్ల దగ్గర లిగ్నైట్ అనే గోధుమ రంగు బొగ్గు పొరలు బయటపడ్డాయి. 2 కోట్ల ఏళ్ళ కిందట అవి తీరం వెంట ఉన్న చిత్తడి నేలలు. అక్కడ ఆక్సిజన్ అసలు పడని ఆర్కియా, అంటే చూడటానికి బాక్టీరియాలాగే ఉన్నా వేరే వర్గానికి చెందిన ఏకకణ జీవులు, హైడ్రోజన్‌తో కార్బన్ డయాక్సైడ్‌ను కలిపి, ఆ చర్యలో వచ్చే కొద్దిపాటి శక్తితో బతుకుతూ, మీథేన్‌ను వదులుతాయి.

అన్న: అవి నిజంగా అక్కడివేనని నీకు ఎలా తెలుసు?

చెల్లెలు: అది చివర్లో మాట్లాడుకుందాం అనుకున్నాను.

అన్న: ఇప్పుడే మాట్లాడాలి, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే నిలబడి ఉంది. ఆ లోతులో ఘన సెంటీమీటరుకు 10,000 కణాలైనా ఉండవు, కొన్ని చోట్ల పదిలోపే. తవ్వే బిట్ చుట్టూ తిరిగే మడ్‌లో, అంటే తవ్వకానికి వాడే బురద ద్రవంలో మాత్రం జీవులకు కొదవ ఉండదు. నేను రిగ్గు మీద పనిచేసిన రోజుల్లో, ఒక కోర్‌ను, అంటే తవ్వి పైకి తీసిన రాతి కడ్డీని, పైపైన కడిగి పంపించి, వచ్చిన ఫలితానికి అందరం సంబరపడ్డాం. అది మడ్‌లోంచే వచ్చిందని ఆ తర్వాత తేలింది. ఆ బాధ ఇప్పటికీ నాకు పోలేదు.

చెల్లెలు: వాళ్ళకూ ఆ భయం ఉంది కనుకనే మడ్‌లో పర్‌ఫ్లోరోకార్బన్ అనే రసాయనాన్ని కలిపారు. అది కోర్ లోపల ఎంత కనబడితే మడ్ అంత చొరబడిందని లెక్క. పైగా కోర్ అంచులను చెక్కివేసి, నడిమి భాగాన్నే పరీక్షకు తీసుకున్నారు.

అన్న: మరి జన్యువుల సంగతి ఏమిటి?

చెల్లెలు: మడ్‌లోని జన్యువులను కూడా విడిగా చదివి, రెండింటిలోనూ కనబడినవాటిని లెక్కలోంచి తీసివేశారు.

అన్న: అదే నేను అడుగుతున్నది. మడ్‌లో ఉన్న జాతే బొగ్గులోనూ సహజంగా ఉంటే, ఆ పద్ధతిలో అసలైన నివాసినే బయటికి నెట్టివేసినట్లు కాదా?

చెల్లెలు: అవును, కొన్ని అలా పోయి ఉండవచ్చు. లేనిదాన్ని ఉందని చెప్పడం కంటే ఉన్నదానిలో కొంత వదులుకోవడమే మేలని వాళ్ళు భావించారు, నేనూ అదే అంటాను. మిగిలినవాటిలో సముద్రపు జీవుల కంటే అడవి నేలలో కనబడేవాటికి దగ్గరైనవి ఎక్కువగా ఉన్నాయి. చిత్తడి నేల మునిగినప్పుడు దానితోపాటు కిందికి వెళ్ళిన జీవుల సంతానం అవి అయి ఉండాలి.

అన్న: అడవి మట్టి రిగ్గు మీదికి రాదని ఎవరు చెప్పారు?

చెల్లెలు: జన్యువులను పక్కనబెట్టి గ్యాస్‌ను చూడు, అన్నయ్యా. ఈ జీవులు తేలికైన కార్బన్ 12ను ఎక్కువగా ఎంచుకుంటాయి కనుక, అవి తయారుచేసిన మీథేన్‌లో కార్బన్ 13 తక్కువగా ఉంటుంది. షిమోకితాలో పైకి వచ్చిన గ్యాస్‌లో ఆ గుర్తు స్పష్టంగా ఉంది. పైగా ఆ బొగ్గును ఆక్సిజన్ లేని పాత్రలో దాదాపు 1,000 రోజులు పెంచి చూస్తే, మీథేన్‌ను తయారుచేసే ఆర్కియా పెరిగింది.

అన్న: మూడేళ్ళు పెంచారా?

చెల్లెలు: దాదాపు అంతే. మరో బృందం బరువైన కార్బన్, నైట్రోజన్ కలిపిన ఆహారం ఇచ్చి, ఒక్కొక్క కణం ఎంత తీసుకుందో కొలిచింది. ఒక కణం రెండు కావడానికి కొన్నిటికి నెలలు, కొన్నిటికి 100 ఏళ్ళకు పైగా పడుతుందని లెక్క తేలింది. అదీ చేతికి అందించి పెట్టిన తిండితో.

అన్న: (కొంతసేపటి తర్వాత) అంటే మన తాతగారు పుట్టినప్పుడు మొదలుపెట్టిన విభజన ఇంకా పూర్తి కాని కణం ఉండవచ్చన్నమాట. నేను ఇంతసేపు గట్టిగా అడిగినందుకు ఏమీ అనుకోకు.

చెల్లెలు: నువ్వు అడగకపోతే నేను ఆ వివరాలన్నీ దాటవేసేదాన్ని.

అన్న: ఇప్పుడు గోదావరి. 2006లో జాయిడిస్ రిజల్యూషన్ నౌక మన కృష్ణా–గోదావరి బేసిన్‌లో తవ్వినప్పుడు, ఒక్క పదో నంబరు స్థలంలోనే 128 మీటర్ల మందాన బంకమట్టి పగుళ్ళలో గ్యాస్ హైడ్రేట్, అంటే మంచులాంటి గడ్డలో చిక్కుకున్న గ్యాస్, దొరికింది. దానిలోని మీథేన్ ప్రధానంగా సూక్ష్మజీవుల తయారీయేనని ఐసోటోపులే, అంటే నువ్వు చెప్పిన కార్బన్ 12, 13ల లెక్కే, చెప్పాయి. ఆ జీవులకు తిండి వచ్చింది నది మోసుకొచ్చిన ఒండ్రుతోనే కదా. దండకారణ్యంలో రాలిన ఆకు, లంకల్లో కుళ్ళిన గడ్డి, అన్నీ అక్కడికే చేరాయి.

చెల్లెలు: అన్నీ చేరవు, చాలా భాగం దారిలోనే కరిగిపోతుంది. సముద్రంలో పెరిగిన పాచి వాటా కూడా కలుపుకోవాలి.

అన్న: కలుపుకుందాం. నాకు తెలియవలసినది ఇంకొకటి ఉంది. ఎర్ర వరద వచ్చిన సంవత్సరం దిగిన పొరకూ, నీళ్ళు పలచబడిన సంవత్సరం దిగిన పొరకూ మీథేన్‌లో తేడా కనబడుతుందా?

చెల్లెలు: అంత సన్నగా కొలవలేం. పైగా గ్యాస్ పుట్టినచోటే ఉండదు, పగుళ్ళ వెంట పైకి కదులుతుంది. అడుగుకు దగ్గరగా వచ్చాక సల్ఫేట్ ఉన్న పొరలో దాన్ని తినే ఆర్కియా వేరే ఉంది, బాక్టీరియాతో జత కట్టి తింటుంది. నీటిలోకి చేరేది అందులో చాలా తక్కువ.

అన్న: అయితే తయారుచేసేదీ తినేదీ ఆర్కియాయేనా?

చెల్లెలు: రెండూ దగ్గరి చుట్టాలే. తినేది దాదాపు అదే ఎంజైమును తిరగేసి నడుపుతుంది. దీని కోసమే నేను ఈ బొమ్మ గీసి తెచ్చాను, కానీ అమ్మ రెండోసారి పిలుస్తోంది.

అన్న: బొమ్మ నాకు ఇవ్వు, అన్నం తింటూ చూస్తాను. నా ఒండ్రు ప్రశ్న మాత్రం అలాగే ఉంది, అమ్మలూ, ఎందుకంటే ధవళేశ్వరం ఆనకట్ట కట్టకముందు దిగిన మట్టికీ, ఆ తర్వాత దిగిన…

చెల్లెలు: ఆపుతున్నాను, అన్నయ్యా, అమ్మ తలుపు దగ్గరికే వచ్చింది.