పిక్క పట్టేసే మెట్టు

శ్రోతలకు నమస్కారం.

అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కాలంటే 3,550 మెట్లు. ఆయాసం అందరికీ వస్తుంది. కొందరికి మాత్రం ఏ వంద మెట్లకో పిక్క పట్టేస్తుంది. రెండు మూడు నిమిషాలు నిలబడితే వదిలేస్తుంది. మళ్లీ ఎక్కితే ఇంచుమించు అన్ని మెట్లకే మళ్లీ పట్టుకుంటుంది. వయసు మీద పడిందిలే అని దీన్ని వదిలెయ్యకండి. కాలి ధమనిలో కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే నొప్పి ఇలాగే వచ్చిపోతుంది.

ధమని ఒకే చోట, ఒకే మేర పూడుకుపోయిన ఇద్దరిలో ఒకరికి ఈ పిక్క నొప్పితోనే ఏళ్లు గడిచిపోతాయి. ఇంకొకరికి వేళ్లు నల్లబడి కాలు తీసేసేదాకా వస్తుంది. పొగ, షుగరు ఇందులో పెద్ద దోషులే. కానీ పుట్టుకతో వచ్చిన తేడా కూడా ఉంది.

ప్రయోగశాలల్లో పెంచే చిట్టెలుకల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. తొడ ధమనిని ఒకేలా కట్టేస్తే, సీ57 బ్లాక్ 6 అనే నల్ల జాతి ఎలుక కాలు కోలుకుంటుంది. బాల్బ్ సీ అనే తెల్ల జాతి ఎలుక కాలు కొద్ది రోజుల్లోనే కుళ్లడం మొదలవుతుంది. దీనికి ఒక కారణం పక్కదారులు. అలిపిరి దారి మూసేస్తే భక్తులు శ్రీవారి మెట్టు మీదుగా వెళ్లినట్టు, పెద్ద ధమని మూసుకుపోతే రక్తం సన్నటి పక్క ధమనుల్లోంచి వెళుతుంది. తెల్ల ఎలుకలకు పుట్టుకతోనే అవి తక్కువ. ఈ తేడాకు రాబెప్2 అనే జన్యువు ముఖ్య కారణమని 2016లో తేలింది.

రెండో కారణం నాకు ఇంకా ఆసక్తికరం: కండకే ఉండే ఓర్పు. రక్తం అందనప్పుడు కండలో పాడైన ప్రొటీన్లను ఏరి పారేసే పనిలో బ్యాగ్3 అనే ప్రొటీనుది పెద్ద చెయ్యి. ప్రొటీను అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఈ గొలుసులో 81వ స్థానంలో నల్ల ఎలుకకు ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం, తెల్లదానికి మిథియోనిన్ అనేది ఉంటాయి. తేడా అంతే. నల్ల ఎలుక రకం బ్యాగ్3ని తెల్లదాని కండలోకి ఎక్కించినప్పుడు కండ చావడం తగ్గింది.

మనుషుల్లో ఇది ఒక్క జన్యువుతో తేలేది కాదు. కాలి ధమనిలో అడ్డంకి ఉందో లేదో చూడ్డానికి మనకు అందుబాటులో ఉన్నది బీపీ పట్టీ, రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న డాప్లర్ యంత్రం. పది నిమిషాలు పడుకోబెట్టి చేతుల్లో, చీలమండల దగ్గర బీపీ చూస్తారు. చేతిలో 140, చీలమండ దగ్గర 84 ఉంటే, 84ని 140తో భాగిస్తే 0.6 వస్తుంది. 0.9 కన్నా తగ్గితే అడ్డంకి ఉన్నట్టే. 1.4 దాటితే కాలు బాగుందనుకోకండి. ఏళ్ల తరబడి షుగరున్నవాళ్లకు ధమని గోడలో కాల్షియం పేరుకుని గట్టిపడుతుంది, పట్టీ ఎంత బిగించినా నొక్కుకోదు. వాళ్లకు కాలి బొటనవేలి దగ్గర కొలవాలి.

అడ్డంకి ఉందని తేలినా, పుండు లేకపోతే నడక మానకూడదు. పిక్క బాగా నొప్పెట్టేదాకా నడిచి, ఆగి, నొప్పి పోయాక మళ్లీ నడవాలి. ఇలా ఆగిన సమయంతో కలిపి 30 నుంచి 45 నిమిషాలు, వారానికి మూడు రోజులు, కనీసం 12 వారాలు చేస్తే నడవగలిగే దూరం పెరుగుతుంది. బీడీ, సిగరెట్టు మాత్రం పూర్తిగా మానాలి.

ఉన్నట్టుండి కాలు చల్లబడి, పాలిపోయి, తట్టుకోలేని నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకండి. రక్తం పూర్తిగా ఆగిపోతే కండ నాలుగు నుంచి ఆరు గంటల్లో చచ్చిపోతుంది. కాలు దిండు మీదికి ఎత్తకండి, నూనెతో మర్దన చెయ్యకండి. చల్లగా ఉంది కదా అని వేడినీళ్ల కాపడం అసలు పెట్టకండి. స్పర్శ తగ్గిన చర్మం కాలినా తెలియదు, పైగా వేడి తగిలిన కండకు ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాల్సి వస్తుంది.