ఊదితే అర్థమయ్యే ప్రకటన: దోమల మెష్ షాపుకి 500 గేటు కార్డులు

నమస్తే. ఇవాళ ఒక దోమల మెష్ షాపుకి ప్రకటన తయారు చేద్దాం. హోర్డింగ్ కాదు, రీల్ కాదు, ఇంటి గేటుకి తగిలించే కార్డు. పాంప్లెట్ అయితే మెష్ గురించి చెప్పి ఊరుకుంటుంది. మన కార్డులో మెష్షే ఉంటుంది.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 2005లో కెనడాలోని వాంకూవర్‌లో త్రీఎం కంపెనీ తన సెక్యూరిటీ గ్లాస్ కోసం ఒక బస్టాప్ వాడుకుంది. అద్దాల మధ్య నోట్ల కట్టలు పేర్చింది. పైన కొన్ని అసలు నోట్లు, కింద అన్నీ ఉత్తుత్తివే. పక్కన ఒక గార్డు కూడా ఉన్నాడు. అయినా ప్రకటన పని చేసింది. "మా అద్దం గట్టిది" అని రాయాల్సిన అవసరమే రాలేదు, జనమే ఆ అద్దాన్ని తన్ని చూశారు.

మనకి దగ్గరి ఉదాహరణ 2013 అలహాబాద్ కుంభమేళా. "లైఫ్‌బాయ్‌తో చేతులు కడుక్కున్నారా?" అనే హిందీ మాటని అక్కడి ధాబాల్లో రొట్టెల మీద వేడి ముద్రగా వేశారు. సిరా వాడలేదు. సుమారు 25 లక్షల రొట్టెలు. రొట్టె తుంచబోయే చేతికి ఆ ప్రశ్న ఎదురైంది చూడండి, అదే దాని బలం. అదే మాట రోడ్డు పక్కన బోర్డు మీద ఉంటే ఎవరు ఆగి చదువుతారు?

సరే, మన కార్డుకి వద్దాం.

[స్క్రీన్ మీద కార్డు డిజైన్]

మధ్యలో 2 అంగుళాల చదరపు కిటికీ. దాని వెనక అసలు మెష్ ముక్క. కిటికీ అంచున అసలు సైజులో ఒక దోమ బొమ్మ. పైన దోమ అంటున్న మాట: "గాలికి దారుంది. నాకే లేదు." కిటికీ కింద రెండే పదాలు: "ఇక్కడ ఊదండి." చేతిలోకి తీసుకున్నవాళ్లు ఊదకుండా ఉండలేరు. గాలి అవతలికి పోవడం వేలికి తగులుతుంది. మెష్ వేస్తే ఇంట్లోకి గాలి రాదేమో అన్నది కొనేవాళ్లకుండే మొదటి అనుమానం. అది అక్కడికక్కడే తీరిపోతుంది. "నాణ్యమైన", "సరసమైన ధరలకే" లాంటివి ఒక్కటీ పెట్టకండి. అవి అందరి పాంప్లెట్లలోనూ ఉన్నాయి.

సైజు 3.5 అంగుళాల వెడల్పు, 8.25 అంగుళాల పొడవు. డిజిటల్ ప్రెస్‌లో 12 బై 18 అంగుళాల షీటు వాడతారు. 4 బై 9 పెడితే లెక్క ప్రకారం ఆరు పడతాయి కానీ అంచుల్లో జాగా మిగలదు, కటింగ్‌లో రంగు చివర తెల్ల గీత వచ్చేస్తుంది. మన సైజులో కార్డు చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కటింగ్‌లో పోయేలా అంచు దాటించి వేసే రంగు) పోగా, షీటు అంచుల్లోనూ సుమారు సెంటీమీటరు మిగులుతుంది. షీటుకి ఆరు చొప్పున 500 కార్డులకి 84 షీట్లు. వేస్టేజీతో కలిపి 90 చెప్పండి. కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల మందం) ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్. గ్లాసీ వేయిస్తే ఎండలో మెరిసి క్యూఆర్ కోడ్ స్కాన్ అవ్వక ఇబ్బంది పెడుతుంది.

లామినేషన్ అయ్యాకే డై కటింగ్, అంటే ఆకారానికి తగ్గ బ్లేడు అచ్చుతో నొక్కి కోయడం. ఒకే డైలో మూడు పనులూ చేయించండి: బయటి అంచు, కిటికీ, పైన గేటు ఊచకి తగిలించే రంధ్రం. రంధ్రం 1.25 అంగుళాలు, దానికి పక్క నుంచి ఏటవాలుగా ఒక చీలిక. చీలిక నిటారుగా కోస్తే గాలికి కార్డు జారి కింద పడుతుంది. 500 కిటికీలు కట్టర్‌తో చేత్తో కోద్దామనుకోకండి, యాభై దాటేసరికి మూలలు చిరగడం మొదలవుతుంది.

మెష్ ముక్క 2.5 అంగుళాల చదరం, అంటే చుట్టూ పావు అంగుళం అతుకు. 4 అడుగుల రోల్‌లో అడ్డంగా 19 ముక్కలొస్తాయి, 500 ముక్కలకి 6 అడుగుల మెష్ సరిపోతుంది. షాపులో కోయగా మిగిలిన తుంపులుంటే ఇంకా మంచిది, ఖర్చే లేదు. నల్ల మెష్ వాడండి, బూడిదరంగు దానికంటే అవతలివైపు బాగా కనిపిస్తుంది. 6 మిల్లీమీటర్ల డబుల్ సైడ్ టేప్ నాలుగు వైపులా వేయాలి. పైనా కిందా మాత్రమే వేస్తే పక్కలు లేచిపోయి, ఆ సందులోంచి నిజం దోమే దూరేలా కనిపిస్తుంది. మెష్ షాపు ప్రకటనకి అంతకంటే పరువు తక్కువ ఇంకేముంటుంది! గ్లూ గన్ వద్దు, గడ్డలు కడుతుంది.

ఇప్పుడు తెలుగు అక్షరాలు. మీరు వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ మాటని డీటీపీ ఆపరేటర్ (ప్రింటుకి పేజీ తయారు చేసే మనిషి) అను ఫాంట్లలోకి, అంటే యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోవచ్చు. మార్చాక మళ్లీ ఒక్కో అక్షరం చూసుకోండి. ఫైనల్ పీడీఎఫ్‌లో అక్షరాలన్నీ కర్వ్స్ చేయించండి, అంటే ఫాంట్ అవసరం లేని బొమ్మ గీతలుగా మార్పించండి. వరుసల మధ్య ఎడం కాస్త ఎక్కువివ్వండి, లేదంటే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది.

వెనక వైపు ఫోన్ నంబర్, 2 సెంటీమీటర్లకి తగ్గకుండా క్యూఆర్ కోడ్, చుట్టూ తెల్ల ఖాళీ. ఆ కోడ్ వాట్సాప్ బిజినెస్ లింక్‌ది. స్కాన్ చేయగానే "మా కిటికీ కొలతలు పంపుతున్నాను" అనే మెసేజ్ సిద్ధంగా రావాలి. ప్రింటుకి ఇచ్చే ముందు ఒక పాత, చవక ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి.

"డెంగీ రాదు" అని మాత్రం రాయొద్దు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. మెష్ దోమని ఆపుతుంది, జబ్బుకి గ్యారంటీ ఇవ్వలేదు.

కార్డు మూలన చిన్నగా ఒక అక్షరం వేయించండి: ఒక కాలనీకి క, ఇంకో కాలనీకి చ, మూడోదానికి ట. డిజిటల్ ప్రింట్ కాబట్టి అక్షరం మార్చినా కొత్త ప్రింటింగ్ ప్లేట్ ఖర్చు ఉండదు. ఫోన్ చేసినవాళ్లని "కార్డు మూలన ఏ అక్షరం ఉందండీ?" అని అడిగి పుస్తకంలో రాసుకోండి. కార్డు అన్నీ కలిపి 12 రూపాయలు పడిందనుకుందాం. 500కి 6,000. పది పనులు వస్తే ఒక్కో పనికి ప్రకటన ఖర్చు 600. ఒక పని మీద మీ లాభం అంతకంటే తక్కువైతే ఈ కార్డు మీకు నష్టమే, ఎంత బాగున్నా సరే.

పంచేది వానలు మొదలయ్యాక, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు లోపు. ఆరయ్యేసరికి జనం కిటికీలు మూసుకుంటారు, ఆ చిరాకులో ఉన్నప్పుడే కార్డు చేతికి రావాలి. అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ వాళ్లని అడిగాకే లోపలికెళ్లండి. కరెంటు స్తంభాలకి, గోడలకి అతికించకండి, మున్సిపాలిటీ జరిమానా వేయొచ్చు. మెష్ వల్ల కట్ట మధ్యలో ఉబ్బుతుంది, రబ్బరు బ్యాండు బిగిస్తే కార్డులు వంగిపోతాయి. అట్టపెట్టెలో నిలువుగా పెట్టి తీసుకెళ్లండి.

ముందు ఒక్క కాలనీలో వంద తగిలించి ఒక వారం చూడండి. వచ్చే ఫోన్లలో చాలావాటికి మొదటి ప్రశ్న "ఎస్‌ఎఫ్‌టీ ఎంతండీ?" అనే, అంటే చదరపు అడుగు రేటు. ఫ్రేము రకాన్ని బట్టి మూడు రేట్లు రాసిన క్విక్ రిప్లై (ముందే రాసిపెట్టుకునే జవాబు) వాట్సాప్‌లో పెట్టుకున్నాకే మిగతా నాలుగొందలు బయటికి తీయండి.