పావంగుళంలో ఏముంది: లేనియర్ జలాశయంలో స్పాటెడ్ బాస్ ఎదుగుదల, ఆయుష్షు, కొలత

(జార్జియా రాష్ట్రం కమ్మింగ్ పరిసరాల తెలుగు కుటుంబాల కార్తీక వనభోజనాల్లో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. తెల్లవారుజామునే లేచి ఇంతమందికి వండి తెచ్చిన అమ్మలకూ, నేలలో ఉసిరి నిలవని ఈ ఊళ్లో కుండీలో పెంచిన ఉసిరి మొక్కను కారులో జాగ్రత్తగా మోసుకొచ్చి మన పంక్తి మధ్య నిలిపిన పెద్దమ్మగారికీ ముందుగా నా కృతజ్ఞతలు. కార్తీకమాసంలో, అందులోనూ వనభోజనాల వేళ, చేపల మాట ఎత్తుతున్నందుకు పెద్దలు మన్నించాలి. ఈ చెరువు గట్టున కూర్చుని దీని సంగతి మాట్లాడుకోవడానికి ఇంతమంది మళ్ళీ ఏడాది దాకా ఒకచోట చేరరు. అందుకే అడిగి మరీ ఈ పది నిమిషాలు తీసుకున్నాను.

చెరువు అని అలవాటుగా అన్నాను గానీ, మన ఎదురుగా ఉన్నది చట్టహూచీ నదికి బ్యూఫోర్డ్ దగ్గర అడ్డంగా ఆనకట్ట కట్టి 1950లలో నింపిన లేనియర్ జలాశయం. దాదాపు 38,000 ఎకరాల నీరు. మనలో చాలామంది ఇళ్ళు దీనికి అరగంట దూరంలోనే ఉన్నాయి, వేసవి వస్తే పడవలు అద్దెకు తీసుకుని పిల్లలతో గాలాలు వేస్తున్నాం. ఆ గాలాలకు ఎక్కువగా పడేది స్పాటెడ్ బాస్ అనే మచ్చల చేప. ముందు నియమాలు చెప్పి, ఆ తరువాత చేప ఎదుగుదల గురించి చెప్పాలని కాగితం మీద రాసుకున్నాను. కానీ మా నాన్నగారు అడిగిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టక తప్పడం లేదు.

ఆయన మాచర్లలో పెరిగిన మనిషి. నాగార్జునసాగర్ నీళ్ళు, బొచ్చెలు, రాగండ్లు ఎరిగినవారు. ఇక్కడికి వచ్చినప్పుడు ఒక ఉదయం పడవలో తీసుకెళ్ళాను. రెండు గంటలు ఓపిగ్గా కూర్చున్న తరువాత ఆయన గాలానికి ఒక చేప పడింది. ఒంటి పక్కన నల్లని మచ్చల వరుస, దాని కింద పొట్ట మీద పోగు గుచ్చినట్టు సన్నని చుక్కలు, నాలుక మీద వేలు పెడితే ఆకురాయిలా గరుకుగా తగిలే పళ్ళ పట్టీ. నోరు మూసి కొలబద్ద మీద తిన్నగా పడుకోబెట్టి తోక చివరి వరకు చూస్తే 13 అంగుళాల ముప్పావు. ఈ జలాశయంలో 14 అంగుళాలకు తక్కువ బాస్‌ను ఉంచుకోకూడదు. నేను నీళ్ళలోకి వదిలేశాను. ఆయన నా ముఖం వంక చూసి, కోపం ఏమీ లేకుండానే, "పావంగుళంలో ఏముందిరా?" అన్నారు. "రూల్ నాన్నా" అన్నాను. అది జవాబు కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ జవాబు వెతుక్కుంటూ నేను చదివిందీ, చూసిందీ ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

స్పాటెడ్ బాస్ మన బొచ్చెలాంటిది కాదు. మంచి చెరువులో బొచ్చె ఏడాదికే కిలో తూగుతుంది. ఈ చేప మొదటి ఏడాది చివరికి నాలుగైదు అంగుళాలే ఉంటుంది. మేత బాగుంటే మూడేళ్ళకు పన్నెండు అంగుళాల చుట్టుపక్కలకు వస్తుంది, ఆ తరువాత ఏటేటా పెరుగుదల తగ్గుతూ పోతుంది. మగదానికన్నా ఆడది పెద్దదవుతుంది. ఎక్కువ చేపలు ఆరేడేళ్ళకు మించి బతకవు, పదేళ్ళు దాటినవి అరుదు. అంటే మనం చేతిలో పట్టుకుని ఫోటో దిగే పద్నాలుగు అంగుళాల చేప దాదాపు సగం ఆయుష్షు గడిపేసిన జీవి. అప్పటికి అది కనీసం ఒక వసంతంలోనైనా గుడ్లు పెట్టి ఉంటుంది, మగదైతే గులకరాళ్ళ మీద గూడు చేసుకుని పిల్లలకు కాపలా కాసి ఉంటుంది.

ఇక బరువు సంగతి. ఒంటి నిండుగా ఉన్న పన్నెండు అంగుళాల చేప సుమారు 400 గ్రాములు తూగితే, పద్నాలుగు అంగుళాలది సుమారు 650 గ్రాములు, పదిహేడు అంగుళాలది 1,200 గ్రాములు తూగుతుంది. పొడవు రెండంగుళాలు పెరిగితే బరువు సగానికి పైగా పెరుగుతోంది. నాన్నగారి పావంగుళంలో ఒక పూట కూర ఉంది, కొన్ని నెలల మేత ఉంది.

అయితే అన్ని నీళ్ళలోనూ ఈ లెక్క పనిచేయదు. పరిమితి పెట్టడంలో అసలు కిటుకు ఇది: వదిలిపెట్టిన చేప పెరగాలి. మేత చాలక అది అక్కడే ఆగిపోతే, ఆ కొలత కింద చేపలు కిక్కిరిసి, ఒకదాని నోటి కూడు ఒకటి లాక్కుంటూ, అన్నీ బక్కచిక్కిపోతాయి. లేనియర్‌లో 1990ల తరువాత బ్లూబ్యాక్ హెర్రింగ్ అనే కొవ్వుపట్టిన చిన్న చేప విస్తరించింది. నడి జలాశయంలో గుంపులుగా తిరిగే ఆ హెర్రింగ్‌ను తరుముతూ ఇక్కడి బాస్ బలిసింది. అందుకే ఇక్కడ 14 అంగుళాల పరిమితికి అర్థం ఉంది. జార్జియాలో మిగతాచోట్ల స్పాటెడ్ బాస్‌కు కనీస కొలతే లేదు.

చేప ఎంత పెద్దదవుతుందో నీరే నిర్ణయిస్తుందనడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఉంది. అలబామాలోని లూయిస్ స్మిత్ జలాశయంలో 1978లో పట్టిన 8 పౌండ్ల 15 ఔన్సుల చేప ఆ రాష్ట్రపు రికార్డు. ఆ జలాశయపు సంతతినే 1974లో కాలిఫోర్నియాకు తీసుకెళ్ళి పెర్రిస్ సరస్సులో వదిలారు, అక్కడినుంచి ఇతర జలాశయాలకు పాకించారు. 2017 ఫిబ్రవరిలో సియెర్రా కొండల్లోని న్యూ బుల్లార్డ్స్ బార్ జలాశయంలో 11 పౌండ్ల 4 ఔన్సుల చేప పడింది. అక్కడ వాటికి కొకానీ సాల్మన్ పిల్లలు మేత. పుట్టింట్లో అందుకోలేని కొలతను అత్తింట్లో అందుకుంది.

ఇప్పుడు నా మనసులో బరువుగా ఉన్న మాట చెబుతాను. మనం లేనియర్‌లో స్పాటెడ్ బాస్ అంటున్నవాటిలో అధికభాగం అలబామా బాస్, 2008లో శాస్త్రజ్ఞులు వేరే జాతిగా గుర్తించిన చేప. అది ఈ నదిది కాదు, మనుషులు తెచ్చినది. ఉత్తర జార్జియా కొండల్లోని చాటుగే, నాటలీ, బ్లూ రిడ్జ్ జలాశయాల్లోకి కూడా గాలాలు వేసేవారే డబ్బాల్లో మోసుకెళ్ళి వదిలారు. అక్కడ ఉండిన స్మాల్‌మౌత్ బాస్ అనే మరో జాతి వెనక్కి నెట్టబడింది. దక్షిణ కరోలినాలోని కియోవీ జలాశయంలో అక్కడి స్థానిక బాస్ జాతితో కలిసి సంకరమై, ఆ జాతి ఆనవాలే చెరిగిపోయే స్థితి తెచ్చింది. నెట్టివేతకన్నా సంకరం ఘోరం, ఎందుకంటే దాన్ని వెనక్కి తీయలేం.

నా స్నేహితుడొకరు కొన్నేళ్ళ క్రితం ఇక్కడ పట్టిన నాలుగు చిన్న చేపలను మంచుపెట్టెలో నీళ్ళు పోసి, గాలి పంపు పెట్టి, పిల్లలు ముచ్చటపడతారని తన కాలనీ చెరువులో వదిలారు. ఆ చెరువు పొంగితే నీరు వాగులోకి పోతుంది. నేను ఆయన పక్కనే ఉన్నాను. పెట్టె మూత పట్టుకుని నిలబడ్డాను, నోరు మెదపలేదు. అది చట్టవిరుద్ధమని నాకు తెలుసు. అమ్మలారా, అయ్యలారా, చేతులు జోడించి అడుగుతున్నాను: బతికి ఉన్న చేపను ఒక నీటినుంచి మరొక నీటికి మోయకండి. ఎరగా తెచ్చిన చిన్న చేపలు మిగిలినా సరే, నీళ్ళలో కుమ్మరించకండి. దయతో చేసినా జరిగే నష్టం నష్టమే.

మరొక మాట, రాబోయే నెలలకు సంబంధించినది. చలి ముదిరితే ఈ బాస్ ముప్పై, నలభై అడుగుల లోతుకు దిగుతుంది. అక్కడినుంచి వేగంగా పైకి లాగితే లోపలి గాలితిత్తి ఉబ్బి చేప వెల్లకిలా తేలుతుంది. కొలత తక్కువని వదిలిపెట్టినా అది లోతుకు దిగలేక చచ్చిపోవచ్చు. కాబట్టి ఆ లోతులో వరసగా చిన్నవే పడుతుంటే, వదులుతూ మళ్ళీ పడుతూ కూర్చోకుండా పడవను వేరే చోటికి జరపండి. ఇందాక చెప్పిన ఉత్తర జార్జియా కొండల్లోని జలాశయాలకు వెళ్ళినప్పుడు మాత్రం, అక్కడి స్మాల్‌మౌత్‌ను నెట్టేసిన ఈ చేపను జాలిపడి వదలవద్దు. ఆ ఏటి నియమాల పుస్తకం చూసుకుని, అనుమతించినన్ని ఇంటికి తెచ్చుకుని, కార్తీకం వెళ్ళాక పులుసు పెట్టుకోండి.

నాన్నగారికి ఈ జవాబు ఫోనులో చెప్పాను. ఆయన అంతా విని, "మరి దాని వయసు ఎలా చెబుతారు?" అని ఇంకో ప్రశ్న వేశారు. అందుకే ఈ అగ్గిపెట్టె తెచ్చాను. నేను పట్టిన చేపల తలల్లోంచి తీసిన చెవిరాళ్ళు ఇందులో ఉన్నాయి, ఒక్కొక్కటి బియ్యపు గింజంత. అడ్డంగా విరిచి, విరిగిన అంచును దీపం మంటకు కాస్త చూపితే ఏడాదికొక గోధుమరంగు వలయం కనిపిస్తుంది. భోజనాలయ్యాక పిల్లలు ఆ బల్ల దగ్గరికి రండి, భూతద్దం కూడా ఉంది. మధ్యలోంచి బయటికి లెక్కపెట్టాలి. అంచు దగ్గర వలయాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, తొందరపడితే ఒకటి తప్పిపోతుంది.