పేరు అనుకున్నాం, పుట్టాకే చెప్తాం: బిడ్డ పేరు బయటికి పొక్కకుండా చూసుకోవడం ఎలా

[దృశ్యం: చిన్న కాగితం మీద ఒక చెయ్యి ఏదో రాసి మడత పెడుతుంది. పేరు కనబడదు.]

వాయిస్: బిడ్డకి పేరు అనుకున్నారు. ఇద్దరికీ నచ్చింది. పుట్టేదాకా ఎవరికీ చెప్పకూడదనీ అనుకున్నారు. ఇంతవరకూ తేలికే. కష్టమంతా ఆ తర్వాతి నెలల్లో ఉంది. గట్టిగా అడిగినవాళ్ల దగ్గర ఎలాగో జాగ్రత్తగానే ఉంటాం. పేరు పొక్కేది మనం చూడని చోట: ఫోన్ కీబోర్డు, పేరు కుట్టించిన దుప్పటి, ఇంట్లో ఉన్న మూడేళ్ల పిల్ల, అలవాటులో జారిన నోరు.

అసలు దాచడం ఎందుకు అని అడిగేవాళ్లుంటారు. పుట్టకముందు పేరు చెబితే అది వినేవాళ్లకి ఒక ఆలోచనలా అనిపిస్తుంది. ఆలోచన మీద ఎవరైనా అభిప్రాయం చెప్తారు: "ఆ పేరుతో మా ఆఫీసులో ఒకడున్నాడు", "పాతకాలం పేరులా ఉంది", "పలకడం కష్టం". అదే పేరు బిడ్డని ఎత్తుకుని చెప్పండి. అప్పుడది ఒక మనిషి పేరు. ఇంకో లాభం కూడా ఉంది. ఎనిమిదో నెలలో మీ మనసు మారితే ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

[తెర మీద అక్షరాలు: ఎవరికి? ఎప్పటిదాకా? ఏ మాటల్లో?]

వాయిస్: ముందు మీ ఇద్దరి మధ్య ఈ మూడూ తేలాలి. "ఎవరికీ చెప్పం" అని ఇద్దరూ అనుకుంటారు. కానీ ఒకరి లెక్కలో "ఎవరికీ" అంటే అమ్మ తప్ప ఎవరికీ. ఇంకొకరి లెక్కలో అమ్మకి కూడా చెప్పకూడదు. గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. మినహాయింపులు ఉంటే ఇప్పుడే పేర్లతో సహా అనుకోండి. ఒక వైపు అమ్మమ్మకి చెప్పి, రెండో వైపు నాన్నమ్మకి చెప్పకపోతే ఆ తేడా ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది. పేరు దాచినందుకు కాదు, తమకే దాచినందుకు బాధపడతారు. చెబితే రెండు వైపులా చెప్పండి, లేదా ఎవరికీ వద్దు.

ఇక జవాబు. "ఇంకా ఏమీ అనుకోలేదు" అనేది అందరికీ మొదట తోచే మాట. మా దృష్టిలో అది అన్నిటికంటే చెడ్డ జవాబు. పేరు అనుకోలేదంటే సాయం చేయాలని వాళ్లకి అనిపిస్తుంది. మర్నాటి నుంచి జాబితాలు వస్తాయి. మీరు ఒక్కొక్కటీ కాదంటూ పోవాలి. చివరికి, ఎప్పుడో అనుకున్నారని తెలిసినప్పుడు, అబద్ధం చెప్పారన్నది మిగులుతుంది. ఉన్నమాటే చెప్పండి. కాకపోతే ఎప్పుడు చెప్తారో కూడా అందులోనే చెప్పండి.

[దృశ్యం: ఫోన్‌లో మాట్లాడుతున్న గర్భిణి]

వాయిస్: పెద్దవాళ్లతో: "పేరు అనుకున్నాం అత్తయ్యా. బిడ్డని మీ చేతుల్లో పెట్టి చెప్తాం." స్నేహితులతో: "అనుకున్నాంలేవే, పుట్టిన రోజే చెప్తా." పని చేసే చోట: "అనుకున్నామండీ, పుట్టాక చెప్తాం." భాగస్వామి కూడా ఇవే మాటలు వాడాలి. ఒకరు "అనుకున్నాం" అనీ, ఇంకొకరు "రెండు మూడు చూస్తున్నాం" అనీ అంటే, ఆ సందులోంచే ప్రశ్నలు దూరతాయి.

మూడోసారి కూడా అడిగేవాళ్లకి అదే జవాబు మళ్లీ చెప్పి, వాళ్లు పంచుకోగలిగింది ఇంకేదైనా ఇవ్వండి. ముద్దుపేరు చెప్పండి, స్కాన్ ఫొటో చూపించండి, బట్టలు మడత పెట్టడానికి పిలవండి. చాలామందికి కావలసింది ఈ సంబరంలో తమకీ చోటుందన్న నమ్మకం.

[తెర మీద: "అ తో మొదలవుతుందా?" — ✕]

వాయిస్: ఊహించే ఆట మొదలైతే మాత్రం ఒక్క ప్రశ్నకి కూడా జవాబివ్వకండి. కాదు అని కూడా అనొద్దు. "మూడక్షరాలా?" కాదు. "దీర్ఘం ఉందా?" కాదు. ఇలా ప్రతి కాదూ కొన్ని పేర్లని పక్కకి తోసేస్తుంది, మిగిలిన గుంపు చిన్నదవుతుంది. పైగా తొమ్మిదింటికి కాదని చెప్పి పదోదానికి నవ్వి ఊరుకుంటే, ఆ నవ్వే జవాబు. కాబట్టి ఎంత వింత పేరు చెప్పినా, సరిగ్గా మీరు అనుకున్న పేరే చెప్పినా, ఒకటే మాట: "పుట్టాక చెప్తాం." మొదటి ఊహ నుంచే అలా అంటేనే ఇది పనిచేస్తుంది.

[దృశ్యం: ఫోన్ కీబోర్డు దగ్గరగా. సూచనల వరసలో ఒక పదం మసకగా.]

వాయిస్: ఇప్పుడు ఫోన్. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఇంట్లోవాళ్ల చేతికి తరచూ వెళ్లేది ఇదే.

ఒక పేరు నాలుగైదు సార్లు టైప్ చేస్తే కీబోర్డు దాన్ని నేర్చుకుంటుంది. మీ చెల్లెలు మీ ఫోన్ తీసుకుని మొదటి రెండక్షరాలు కొట్టగానే పైన సూచనగా చూపిస్తుంది. జీబోర్డ్‌లో, అంటే గూగుల్ కీబోర్డులో, ఆ సూచనని నొక్కి పట్టుకుంటే చెత్తబుట్ట గుర్తు వస్తుంది, అందులోకి లాగేస్తే పోతుంది. ఐఫోన్‌లో ఒక్క పదాన్ని ఇలా తీసేయడం కుదరదు. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్, రీసెట్ లోపల కీబోర్డ్ డిక్షనరీని రీసెట్ చేయాలి. నేర్చుకున్న మిగతా పదాలు కూడా పోతాయి, అది తెలిసే చేయండి. అసలు మేలైన దారి, చాటింగ్‌లో పేరు రాయకుండా ముద్దుపేరే వాడటం. ఇద్దరి మధ్య మెసేజీ అయినా సరే. తెర మీద వచ్చే నోటిఫికేషన్‌ని పక్కన కూర్చున్నవాళ్లు చదువుతారు.

పేర్ల యాప్‌లతో కూడా ఇదే ఇబ్బంది. ఇద్దరూ ఒకే పేరుని ఇష్టపడితే వెంటనే కబురు పంపే యాప్‌లు ఉన్నాయి. ఆ కబురు లాక్ స్క్రీన్ మీద పడితే దాచడం అక్కడితో సరి. నోటిఫికేషన్లు ఆపేయండి. పేరు ఖాయమయ్యాక యాప్‌నే తీసేయండి.

టీవీలో యూట్యూబ్ మీ అకౌంట్‌తోనే తెరిచి ఉంటే, ఫోన్‌లో "ఈ పేరుకి అర్థం ఏమిటి" అని వెతికింది టీవీలో వెతుకుడు జాబితాలో కనబడొచ్చు. ఇన్‌కాగ్నిటో విండోలో వెతికితే ఆ ఫోన్‌లో చరిత్ర మిగలదు. అయితే ఆ విండోలో కూడా మీ అకౌంట్‌లోకి లాగిన్ అయితే అకౌంట్‌లో నమోదవుతుంది.

బిడ్డ పేరుతో ఇన్‌స్టాగ్రామ్ ఐడీ, ఈమెయిల్ ముందే పట్టుకుని ఉంచాలని చాలామందికి ఆత్రం. మీ ఫోన్‌లోని కాంటాక్టులని యాప్‌తో కలిపి ఉంటే, కొత్త ఖాతాని మీ నంబరు ఉన్నవాళ్లకే యాప్ పరిచయం చేసే వీలుంది. పుట్టాక చేసుకోండి. ఆ ఐడీ దొరకకపోతే పోయేదేమీ లేదు.

[దృశ్యం: అట్టపెట్టె మీద చీటీ. పక్కన వీడియో కాల్ తెర, వెనక గోడ.]

వాయిస్: పేరు వేయించే వస్తువులు. దుప్పటి, గోడ అక్షరాలు, చెక్క బొమ్మ, ఏదైనా సరే. ఇవి మూడు చోట్ల బయటపెడతాయి. ఒకటి, ఇంట్లో అందరూ వాడే ఒకే కొనుగోలు అకౌంట్‌లో ఆర్డర్ల జాబితా. రెండు, పార్సిల్ ఎవరు విప్పుతారో మీ చేతిలో ఉండదు. మూడోది ఎవరూ అనుకోనిది: చేత్తో చేసి అమ్మేవాళ్లు తయారైన వస్తువుని ఫొటో తీసి తమ పేజీలో పెడతారు, అందులో మిమ్మల్ని ట్యాగ్ చేస్తారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే "బిడ్డ పుట్టిందని నేను చెప్పేదాకా ఫొటో పెట్టకండి" అని రాతపూర్వకంగా అడగండి. ఇంకా మంచిది, డిజైన్, రంగు, కొలతలు అన్నీ ఖాయం చేసి పేరు చోటు ఖాళీగా ఉంచమనడం. పుట్టాక ఒక్క మెసేజీతో పని పూర్తవుతుంది. అక్షరాలు ముందే తెచ్చుకుంటే గోడకి పెట్టొద్దు. వీడియో కాల్‌లో మీ వెనక ఏముందో మీకంటే అవతలివాళ్లకే బాగా కనబడుతుంది.

[దృశ్యం: నేల మీద ఆడుకుంటున్న చిన్నపిల్ల]

వాయిస్: ఇంట్లో ఇదివరకే ఒక పిల్ల ఉండి, నాలుగేళ్ల లోపైతే చెప్పకండి. ఆ వయసుకి దాచడం రాదు. అడిగిన క్షణంలో చెప్పేస్తుంది, తర్వాత మనం చిన్నబుచ్చుకుంటే తానేం తప్పు చేసిందో దానికి అర్థం కాదు. ఇంకో ముఖ్యమైన సంగతి: "తాతయ్యకి చెప్పకు, ఇది రహస్యం" అని పిల్లలకి అలవాటు చేయకూడదు. పెద్దవాళ్లు చెప్పొద్దన్నది దాచిపెట్టాలన్న పాఠం వాళ్ల భద్రతకే మంచిది కాదు. కాస్త పెద్దపిల్లకి చెప్పాల్సి వస్తే "సర్‌ప్రైజ్" అనండి, అది ఫలానా రోజున అందరికీ తెలుస్తుందని కూడా చెప్పండి. ఆ రోజు అందరికంటే ముందు పేరు ప్రకటించే పని ఆ పిల్లకే ఇవ్వండి.

ఇక నోరు జారడం. ఇంట్లో రోజూ అసలు పేరుతోనే పిలుచుకుంటే, ఏదో ఒక రోజు పదిమందిలో కూర్చున్నప్పుడు "మా ఫలానా ఇవాళ తెగ తంతున్నాడు" అని వచ్చేస్తుంది. నాలుక అలవాటు వినదు. అందుకే నాలుగు గోడల మధ్య కూడా ముద్దుపేరే. చిట్టి, బుజ్జి, బంగారం, మీకు నచ్చింది. అసలు పేరుతో పిలవకపోతే బిడ్డకి అలవాటవదేమో అన్న బెంగ అక్కర్లేదు. గర్భంలో బిడ్డ సుమారు 24, 25 వారాల నుంచి శబ్దాలకి కదులుతుంది. కానీ తన పేరు ధ్వనిని మిగతా పేర్ల నుంచి వేరుగా గుర్తుపట్టేది పుట్టాక నాలుగున్నర నెలల వయసులో అని 1995లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. అప్పటికి మీరు ఆ పేరుతో వేలసార్లు పిలిచి ఉంటారు.

[తెర మీద: ఎవరికీ చెప్పకుండా పేరుని పరీక్షించడం]

వాయిస్: దాచడంలో అసలైన నష్టం ఇది: బయటివాళ్ల చెవి దొరకదు. అర్థం తేడా, వంకర ముద్దుపేర్లు, ఇంకో భాషలో చెడ్డ మాట, ఇవన్నీ మీరే పట్టుకోవాలి. ఇంటిపేరుతో కలిపి గట్టిగా పలకండి. దూరం నుంచి కేకేసినట్టు పిలవండి. పొడి అక్షరాలు కలిపి చదవండి. పూర్తి పేరుని ఇంటర్నెట్‌లో వెతికి, ఫొటోల విభాగం కూడా చూడండి. తెలుగులో రాసి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ఆ ఇంగ్లీషు రాతని రెండు మూడు రకాలుగా తిరిగి చదవండి. దీర్ఘాలు, ఒత్తులు ఇంగ్లీషు రాతలో మాయమవుతాయి, కొన్నిసార్లు ఇంకో మాటే తయారవుతుంది. మీరు ఎవరో తెలియని చోట, క్యూలో పేరు అడిగితే ఆ పేరు చెప్పండి. ఎలా రాసుకున్నారో, ఎలా పిలిచారో చూడండి. నాలుగు చోట్ల నాలుగు రకాలుగా రాస్తే ఆ బిడ్డ జీవితమంతా సరిదిద్దుకోవాలన్నమాట.

ఇంటర్నెట్ చెప్పలేనిది ఒకటుంది. ఆ పేరు కుటుంబంలో ఇదివరకే ఎవరిదైనా కావచ్చు. చిన్నప్పుడే పోయిన బిడ్డది కావచ్చు, మాటల్లేకుండా విడిపోయిన మనిషిది కావచ్చు. ఆ ఒక్క పేరు గురించి అడిగితే దొరికిపోతారు. మొత్తం వంశవృక్షం అడగండి. రెండు వైపులా, మూడు నాలుగు తరాలు, పోయినవాళ్లతో సహా అందరి పేర్లూ రాయించుకోండి. పెద్దవాళ్లు సంతోషంగా చెప్తారు, మీరు అనుకున్న పేరు ఆ జాబితాలో ఉందో లేదో మీరే చూసుకుంటారు.

దగ్గరివాళ్లలో ఇంకెవరైనా నెలలు నిండుతుంటే, వాళ్లు ముందు అదే పేరు పెట్టేస్తే ఏం చేస్తారో కూడా ముందే అనుకోండి. చెప్పని పేరు మీద మనకి హక్కేమీ లేదు. "అయినా అదే పెడతాం" అనేది ఒక దారి, రెండో పేరు సిద్ధంగా ఉంచుకోవడం ఇంకో దారి. వాళ్లు మన పేరు కాజేశారనుకోవడం మాత్రం అన్యాయం. వాళ్లకి తెలియదు కదా.

[దృశ్యం: ఆస్పత్రి సంచి. పై అరలోకి అంటించిన కవరు పెడుతున్నారు.]

వాయిస్: 36 వారాలు దాటేసరికి ఒక కవరు సిద్ధం చేయండి. లోపల పేరు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఖాయం చేసిన అక్షరక్రమం, రెండో పేరు, ఇద్దరి సంతకాలు. అత్యవసరంగా ఆపరేషన్ జరిగి తల్లికి పూర్తి మత్తు ఇస్తే, లేదా రెండోవారు సమయానికి చేరుకోలేకపోతే, ఒక్కరి జ్ఞాపకం మీద ఆధారపడాల్సిన అవసరం ఉండదు. ఒంటరిగా కంటున్నవాళ్లకి ఈ కవరు ఇంకా ముఖ్యం. కవరు ఎక్కడుందో నమ్మకమైన ఒక్కరికి చెప్పండి, లోపల ఏముందో చెప్పక్కర్లేదు.

గర్భం నిలవని సందర్భం గురించి కూడా చెప్పాలి. ఎవరికీ చెప్పకపోయినా అది ఆ బిడ్డ పేరే. చెప్పాలా, ఎవరికి చెప్పాలి అన్నది పూర్తిగా తల్లిదండ్రుల ఇష్టం. ఆస్పత్రిలో గుర్తుగా బిడ్డ పాదముద్రల కార్డు ఇస్తే, దాని మీద పేరు రాయమని సిబ్బందిని అడగొచ్చు. మోయలేనంత బరువనిపిస్తే ఒక్కరికైనా ఆ పేరు చెప్పుకోండి.

ఆస్పత్రిలో బిడ్డ చేతి పట్టీ మీద సాధారణంగా తల్లి పేరే ఉంటుంది. పేరు పొక్కేది ఉయ్యాల మీది కార్డు, గదిలోని బోర్డు, తెరిచి పెట్టిన నమోదు పత్రం దగ్గర. చూడటానికి వచ్చినవాళ్లు తీసే ఫొటోల్లో ఇవన్నీ పడతాయి. మీరు చెప్పేదాకా పేరు రాయొద్దని నర్సుకి ముందే చెప్పండి.

చట్టం ఎంతకాలం ఆగనిస్తుందో కూడా చూసుకోండి. ఫ్రాన్స్‌లో మామూలుగా 5 రోజుల్లో జననం నమోదు చేయాలి, ఇంగ్లండ్, వేల్స్‌లో 42 రోజుల్లో. భారతదేశంలో 21 రోజుల్లో నమోదు చేయాలి, అయితే పేరు లేకుండా నమోదు చేసి 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్చుకోవచ్చు.

ఇన్ని చేసినా పొక్కిందనుకోండి. విన్నవాళ్ల దగ్గర అవుననొద్దు, కాదనొద్దు. "ఇంకెవరికి తెలుసు?" అని అడిగి, "మేం చెప్పేదాకా మీ దగ్గరే ఉంచండి" అనండి. వాట్సాప్ గ్రూపులో పడితే, రాసినవాళ్లు రెండు రోజుల లోపే అందరికీ తీసేయగలరు, గ్రూపు అడ్మిన్ కూడా తీసేయగలరు. అక్కడే జవాబు రాస్తే చూడనివాళ్లు కూడా పైకి వెళ్లి వెతుకుతారు, ఫోన్ చేసి మాట్లాడండి.

[దృశ్యం: ఫోన్‌లో మెసేజీ టైప్ అవుతోంది. పేరు చోట ఖాళీ.]

వాయిస్: చెప్పే రోజు వచ్చింది. రెండు వైపులా అమ్మానాన్నలకి, తోబుట్టువులకి ముందు నోటితో చెప్పండి, ఒకే గంటలో. అందరికీ అందాకే గ్రూపుల్లో పెట్టండి. ఆ మెసేజీ ముందే రాసి ఉంచుకోండి, పురిటి అలసటలో అక్షరాలు తప్పుతాయి. పేరు తెలుగులో, ఇంగ్లీషులో, ఎలా పలకాలో ఒక ముక్క. "రెండో అక్షరానికి దీర్ఘం ఉంది, గమనించండి" అన్నంత చాలు.